కర్మకు ఒత్తు ఎక్కడిది?

1999లో, అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల మధ్య ఒక క్యాసెట్టు దొరికింది. డబ్బా మూత పగిలింది. లోపలి అట్ట మీద నీలమూ తెలుపూ కలిసి వెలిసిపోయినట్టున్న ఒక హైవే బొమ్మ. రేడియోహెడ్ వాళ్ళ 'ఓకే కంప్యూటర్'. ఆ వేసవిలో గుంటూరు జిల్లాలోని అమ్మమ్మగారి ఊరికి దాన్ని వెంట తీసుకెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో టేప్ రికార్డర్ పెట్టుకుని వింటున్నాను. అమ్మమ్మ పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఐదు పాటలు అయిపోయాయి, ఆ ఇంగ్లీషు గోల ఆవిడ చెవికెక్కలేదు. ఆరో పాటలో గాయకుడు నోరు తెరవగానే పలికే మొదటి మాట 'కర్మ'.

ఆవిడ చెయ్యి ఆగింది. "ఏరా, ఎవరికి కర్మలు చేయిస్తున్నారు?" అంది.

"ఎవరికీ కాదమ్మమ్మా. ఎవణ్ణో పట్టుకోమని పోలీసులకి చెప్తున్నాడు."

"కర్మలకి పోలీసులెందుకురా!" అని, ఇంకాసేపు విని, "ఖర్మ!" అనేసి మళ్ళీ చింతపండులో పడింది.

అమ్మమ్మ మూడో క్లాసు చదివింది. అయినా ఒక్క పాట అయ్యేలోపే ఒకే మాటను రెండు రకాలుగా పలికి, రెండు అర్థాలు చెప్పి, రెంటినీ కలగాపులగం చెయ్యకుండా పని ముగించింది. 'కర్మలకి' అన్నప్పుడు ఒత్తు లేదు. 'ఖర్మ' అన్నప్పుడు ఉంది. ఆ ఒత్తు ఎక్కడిదని ఇన్నేళ్ళుగా నాకు ఒక దురద. ఆ పాట విన్నప్పుడల్లా అది తిరగబెడుతుంది.

ముందు ఆల్బం సంగతి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్ అనే ఊళ్ళో ఒకే బడిలో చదువుకున్న ఐదుగురు కుర్రాళ్ళు కట్టిన బృందం రేడియోహెడ్. 1996లో డిడ్‌కాట్ దగ్గర ఒక షెడ్డులో రికార్డింగు మొదలుపెట్టారు. తర్వాత బాత్ నగరం పక్కన సెయింట్ కేథరిన్స్ కోర్ట్ అనే పాతకాలపు మేడకి సామాను తరలించారు. 1997 మేలో జపాన్‌లో, జూన్ 16న బ్రిటన్‌లో ఆల్బం బయటికొచ్చింది. పన్నెండు పాటలు, యాభైమూడు నిమిషాలు. కార్లు, విమానాలు, ఆఫీసులు, ఎన్నికలు, గోడలు. వీటి మధ్య మనిషికి ఊపిరాడకపోవడమే దాని వస్తువు. నా మటుకు నాకు రాక్ సంగీతంలో ఇంతకు మించిన యాభైమూడు నిమిషాలు లేవు. ఎవరైనా ఉన్నాయంటే వింటాను గానీ ఒప్పుకోను.

1998లో దీనికి 'ఉత్తమ ఆల్టర్నేటివ్ సంగీతం' కింద గ్రామీ ఇచ్చారు. ఆల్టర్నేటివ్‌ను మన పత్రికలు 'ప్రత్యామ్నాయం' అంటాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 'ఆమ్నాయం' అంటే వేదం, పరంపరగా వచ్చిన పాఠం. ధర్మశాస్త్రాల్లో ప్రత్యామ్నాయం అంటే, విధించిన ప్రాయశ్చిత్తం చెయ్యలేనివాడికి చూపించే బదులు దారి. రోజుల తరబడి ఉపవాసాలు ఉండలేవా, అయితే ఒక గోవును దానమివ్వు. ఆవు కూడా లేదా, అయితే దాని ఖరీదు ఇవ్వు. అంటే ప్రత్యామ్నాయం పుట్టిందే కర్మఫలం నుంచి కాస్త చౌకలో బయటపడటానికి. ప్రత్యామ్నాయ రాక్ ఆల్బంలో 'కర్మ పోలీస్' అన్న పాట ఉండటం యాదృచ్ఛికమే. అయినా పదాల మీద పిచ్చి ఉన్నవాడికి ఇలాంటి యాదృచ్ఛికాలు పండగ.

ఇక కర్మ. ధాతువు 'కృ', అంటే చెయ్యి. శంకరుల పేరు మీద ప్రచారంలో ఉన్న ఒక స్తోత్రం, చావు దగ్గరపడ్డా ఈ ధాతువునే వల్లె వేస్తున్న ముసలి వ్యాకరణ విద్యార్థిని మందలిస్తుంది. ఆ మందలింపు నాకూ తగులుతుందని తెలిసే రాస్తున్నాను.

ఆ ఒక్క ధాతువు ఎంత సంసారం పెట్టిందో చూడండి. కర్త, కర్మ, క్రియ, కార్యం, కారణం, కరణం, ప్రకృతి, సంస్కృతం, చివరికి వ్యాకరణం. కర్మ ప్రాకృతంలోకి దిగి 'కమ్మ' అయింది, అక్కడినుంచి హిందీలో 'కామ్' అయింది. హైదరాబాదులో ఆటోడ్రైవరు 'క్యా కామ్ హై' అన్నప్పుడు, ఒకప్పటి యజ్ఞవాటికల మాటనే పలుకుతున్నాడు. ఇనుము కాల్చి సాగగొట్టేవాణ్ణి ఋగ్వేదం కర్మారుడు అంది, పాళీ భాష 'కమ్మార' అంది, మనం 'కమ్మరి' అన్నాం. సంస్కృతం తన మాటనే గుర్తుపట్టలేనంతగా దాన్ని అరగదీసి, మన ఊరి కొలిమి దగ్గర కూర్చోబెట్టాం.

అదే ధాతువు పడమటికీ వెళ్ళింది. వెల్ష్ భాషలో 'ప్రిద్' అంటే రూపం, పాత ఐరిష్‌లో దాని జోడు 'క్రుథ్'. ఇవి 'కృ'కు దాయాదులని భాషావేత్తలు అంటారు. చేసినది గనక రూపం. బ్రిటన్ పాత పేరు 'ప్రితనీ' కూడా ఈ కుటుంబానిదేనని చాలామంది లెక్క. ఒంటి మీద బొమ్మలు, రూపాలు వేయించుకునే జనం అని అర్థం చెబుతారు. ఈ లెక్క నిజమైతే ఆ ఐదుగురు బ్రిటిష్ కుర్రాళ్ళు కర్మ అన్న మాట మన దగ్గర అప్పు తీసుకోనక్కర్లేదు. వాళ్ళ దేశం పేరులోనే ఉంది.

రెండో మాట పోలీసు. అది గ్రీకు 'పోలిస్' నుంచి వచ్చింది. పోలిస్ అంటే కోట కట్టుకున్న ఊరు. సంస్కృతంలో దానికి చుట్టం 'పురం'. అనంతపురంలో పురమూ, అక్కడి పోలీసు స్టేషనూ ఒకే బొడ్డుతాడు బిడ్డలు. అంటే 'కర్మ పోలీస్' అన్న రెండు ముక్కల ఇంగ్లీషు పేరులో మనకు పరాయి ముక్క ఒక్కటీ లేదు.

ఆల్బంలో రెండో పాట పేరూ అంతే, 'పారనాయిడ్ ఆండ్రాయిడ్'. గ్రీకు 'అనేర్' మన నరుడికి సోదరుడు. 'ఎయిదోస్' అంటే ఆకారం, కంటికి కనిపించేది. అది వేదం, విద్య పుట్టిన 'విద్' ధాతువుకు దగ్గరి బంధువు. ఆండ్రాయిడ్ అంటే నరాకారం. ఈ వ్యాసాన్ని మీరు ఫోనులో చదువుతుంటే, చేతిలో ఉన్నది ఏమిటో ఒకసారి చూసుకోండి.

తెలుగులో కర్మ బతుకు మరో దారి పట్టింది. మీమాంసకులకు కర్మ అంటే యజ్ఞం. కర్మకాండ అంటే వేదంలో యజ్ఞాల సంగతి చెప్పే భాగం. ఇవాళ పేపర్లో 'కర్మకాండ' అని కనబడితే ఎవరో పోయారని అర్థం. కోస్తాలో చిన్నకర్మ, పెద్దకర్మ, తెలంగాణలో దశదినకర్మ. ఊరి సెంటరులో నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో పోయినాయన నవ్వుతూ నమస్కారం పెడుతుంటాడు, పైన దండ, కింద 'పెద్దకర్మ' అన్న అక్షరాలు. మనిషి చెయ్యగలిగిన పనులన్నిటికీ ఒకప్పుడు పేరైన మాట, చివరికి మనిషి ఏ పనీ చెయ్యలేని రోజుకు పేరైంది. క్రియ గతీ అంతే: బళ్ళో వాక్యం చివర, బయట అంత్యక్రియ. మా అమ్మమ్మ చెవికి ఆ పాటలో వినబడింది ఈ కర్మే. ఆవిడ తప్పేమీ లేదు.

ఇప్పుడు ఒత్తు దగ్గరికి వద్దాం.

అచ్చతెలుగుకు ఒత్తక్షరాలు లేవు. ఖ, ఘ, ఛ, ఝ మొదలైన మహాప్రాణాలన్నీ సంస్కృతంతో వచ్చి చేరినవే. అందుకే మన నాలుకకు వాటి దగ్గర నిలకడ తక్కువ. కొందరు ఉన్న ఒత్తులు ఎగ్గొడతారు, 'బారతం' అంటారు. కొందరు లేనిచోట తగిలిస్తారు. దిల్లీ మనకు ఢిల్లీ అయింది. పారసీ 'బేష్' మన మెచ్చుకోలులో భేష్ అయింది. అరబ్బీలో గొంతు లోతుల్లోంచి పలికే 'క' మనకు ఒత్తు ఖ లాగే వినిపించింది కాబోలు, ఖాయం, ఖరారు, ఖైదు, ఖిల్లా అని రాసుకున్నాం. ఒత్తు పడితే మాటకు బరువూ దర్జా వస్తాయన్న నమ్మకం మనకు ఎప్పటినుంచో ఉంది.

కానీ ఖర్మ సంగతి వేరు. భేషుకు పక్కన మనం వాడుకునే 'బేషు' అంటూ ఇంకో మాట లేదు. కర్మ, ఖర్మ మాత్రం రెండూ బతికున్నాయి, పని పంచుకున్నాయి. చేసే పనికి కర్మ, పడే బాధకు ఖర్మ. నిత్యకర్మలు ఉంటాయి, నిత్యఖర్మలు ఉండవు. (ఉంటాయి గానీ అలా అనం.) బస్సు తప్పితే 'ఇదేం ఖర్మరా' అంటాం. 'ఖర్మ కాలి ఈ ఊరొచ్చాను' అంటాం. పురోహితుడు సంకల్పం చెబుతూ పొరపాటున 'ఖర్మ' అంటే నవ్వొస్తుంది. ఒక చిన్న ఒత్తు ఒక్క మాటను రెండు మాటలుగా చీల్చి, దేని ఇల్లు దానికి చూపించింది. భాష చేసే ఇలాంటి పనులు ఏ అకాడమీ తీర్మానించినా జరిగేవి కావు.

ఆ ఒత్తు ఎందుకు పడిందో నా ఊహ చెబుతాను. ఒప్పుకోవాలని పట్టుపట్టను. వ్యాకరణం ఒత్తక్షరాన్ని మహాప్రాణం అంటుంది. ప్రాణమంటే ఊపిరి, మహాప్రాణమంటే పెద్ద ఊపిరి. ఖర్మ అనే మాటను ఎప్పుడు అంటాం? నుదురు కొట్టుకుంటూ, కుర్చీలో కూలబడుతూ, నిట్టూరుస్తూ. నిట్టూర్పు కూడా పెద్ద ఊపిరే. ఊపిరి ఎలాగూ బయటికొస్తోంది గనక 'క' మీద నుంచే పోయింది, పోతూ పోతూ ఒత్తుగా మిగిలింది. మీరు ఒకసారి నిట్టూరుస్తూ ఒత్తు లేకుండా 'కర్మ' అనడానికి ప్రయత్నించండి. కష్టం.

ఇంగ్లీషువాళ్ళకు ఈ ఒత్తు చేరలేదు. వాళ్ళకు కర్మ చేరింది పుస్తకాల దారిన. 1785లో చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతను ఇంగ్లీషులోకి తెచ్చాడు. తర్వాతి శతాబ్దంలో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు మద్రాసు అడయారులో మకాం పెట్టి, కర్మ అన్న మాటను పత్రికల్లో, ఉపన్యాసాల్లో ఊరూరా చల్లారు. మన మదనపల్లెలో 1915లో కళాశాల పెట్టింది వాళ్ళే. అలా గ్రంథాలయాల్లోంచి వెళ్ళిన మాట 1960ల్లో హిప్పీల చేతికి చిక్కింది. 1970లో జాన్ లెనన్ ఒక పాటకు ఏకంగా 'ఇన్‌స్టంట్ కర్మ' అని పేరు పెట్టాడు. ఆ పాటను పొద్దున రాసి, అదే రోజు రికార్డు చేసేశారు. జన్మజన్మాల కర్మను కాఫీపొడిలా చేసిన ఘనత ఆయనదే.

లెనన్ పేరెత్తానంటే కారణముంది. 'కర్మ పోలీస్'లో పియానో నడక వింటే బీటిల్స్ అభిమానులకు వెంటనే 1968 నాటి 'సెక్సీ సేడీ' గుర్తొస్తుంది. విమర్శకులూ ఈ పోలిక చెప్పారు. ఆ పాట లెనన్ రాసింది ఋషికేశ్‌లో మహర్షి మహేశ్ యోగి మీద కోపంతో. యోగి పేరును నేరుగా పెట్టకుండా ఒక ఆడపేరు వెనక దాచాడు. చూడండి, ఋషికేశ్ నుంచి అలిగి వెళ్ళిపోయిన రాగం, ముప్పై ఏళ్ళ తర్వాత ఇంగ్లండులో 'కర్మ' అన్న మాటను వెతుక్కుని దాని కింద పడుకుంది. దీన్ని ఖర్మ అనాలో కర్మ అనాలో మీ ఇష్టం.

ఇంతకీ పాట పేరు ఎలా పుట్టింది? ఊళ్ళు తిరుగుతూ కచేరీలు చేసే రోజుల్లో బృందంలో ఒక హాస్యం నడిచేదట. ఎవడైనా వెధవపని చేస్తే మిగతావాళ్ళు 'కర్మ పోలీసులు వచ్చి పట్టుకుపోతారు చూడు' అనేవాళ్ళు. ఆ ఎగతాళి పాటయింది. పాటలో ఒకడు పోలీసులకు ఫిర్యాదులు చేస్తుంటాడు: మొదట ఒక మగాడి మీద, తర్వాత ఒక ఆడపిల్ల మీద. నేరాలేమైనా ఘోరమైనవా అంటే, కాదు. ఒకడి మాటతీరు నచ్చలేదు, ఒకావిడ జుట్టు నచ్చలేదు. ఫిర్యాదుదారు పక్కా చాడీకోరు.

ఇక్కడే నాకొక పేచీ. ఇంగ్లీషువాళ్ళు 'కర్మ' అనే చోట తెలుగువాడు ఖర్మ అనడు. గమనించండి. ఎవడికో తగిన శాస్తి జరిగితే వాళ్ళు 'కర్మ' అని నవ్వుతారు. మనం 'పాపం పండింది' అంటాం, లేదా 'చేసుకున్నవాడికి చేసుకున్నంత' అంటాం. రెండో దానిలో 'కృ' ధాతువుకు మనవాళ్ళు చేసిన అచ్చమైన అనువాదం 'చేసు' ఉంది, పక్కనే 'కొను' చేరింది, ఎవరికోసం చేసుకున్నాడో కూడా చెప్పేసింది. ఖర్మను మాత్రం మన బాధకే దాచుకున్నాం. పక్కవాడి మీద ఖర్మను వాడినా అందులో కసి కంటే జాలే ఎక్కువ: 'వాడి ఖర్మ, మనమేం చేస్తాం.' ఎవరి ఖర్మకు ఎవరు కర్తలు, అని మన పెద్దలు చేతులు దులుపుకోవడం కూడా ఆ జాలిలోంచి వచ్చిన అలసటే.

అయితే 'కర్మ పోలీస్'కు తెలుగు ఏమిటి? చాలాకాలం వెతికాను. 'కర్మరక్షకభటులు' అని ఒకసారి రాసుకుని వెంటనే కొట్టేశాను, మీరు నవ్వకముందే. చివరికి దొరికిన మాట ఉసురు.

ఉసురు ద్రావిడ సొత్తు. తమిళంలో ఉయిర్, కన్నడంలో ఉసిరు. అర్థం ప్రాణం, ఊపిరి. ఎవరినైనా అన్యాయంగా ఏడిపిస్తే వాళ్ళ ఉసురు తగులుతుందంటాం. ఇందులో జన్మాంతరాల ఖాతాపుస్తకం లేదు, చిత్రగుప్తుడు లేడు, పోలీసు స్టేషను లేదు. ఏడ్చినవాళ్ళ ఊపిరే వెళ్ళి ఏడిపించినవాళ్ళకు తగులుతుంది. కర్మ సిద్ధాంతంలో శిక్షకు మనిషి మొహం ఉండదు. ఉసురుకు ఉంటుంది, అది బాధపడ్డవాడి మొహమే. న్యాయం మనిషి ఊపిరితిత్తుల్లోంచి రావాలని కోరుకున్న భాష మాత్రమే ఈ మాట పుట్టించగలదు. ఇంగ్లీషులో దీనికి ఈడైన మాట నాకు ఇంతవరకు తగల్లేదు. 'ఉసూరుమన్నాడు' అన్నప్పుడూ అదే ఊపిరి, కాకపోతే ఎవరికీ తగలకుండా గాల్లో పోయింది.

ఇంకో చుట్టం మిగిలిపోయాడు. అతని పేరు కరణం.

వ్యాకరణంలో పని చేసేవాడు కర్త, పని ఎవరి మీద పడుతుందో వాడు కర్మ, పని జరగడానికి అందరికంటే ఎక్కువగా తోడ్పడే సాధనం కరణం. 'కత్తితో కాయ కోశాడు' అంటే కత్తి కరణం. మన ఊళ్ళలో శిస్తు లెక్కలు, అడంగళ్ళు, గట్టు తగాదాలు చూసే పెద్దమనిషి పేరు కూడా కరణమే. కత్తి అని మనిషికి పేరు పెట్టినట్టుంది, గిట్టనివాళ్ళు అదే నిజమంటారు. సంస్కృతంలో కరణమంటే రాతకోత వ్యవహారపు పత్రం కూడా, రాసేవాడు కూడా.

ఇప్పుడు ఆల్బం పేరు తీసుకోండి. కంప్యూటర్ అనేది ఇంగ్లీషులో మొదట మనిషికి పేరు. లాటిన్‌లో 'పుతారే' అంటే కొమ్మలు కత్తిరించి శుభ్రం చెయ్యడం, తర్వాత లెక్క తేల్చడం. పదిహేడో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం సగం దాకా కంప్యూటర్ అంటే కూర్చుని లెక్కలు కట్టే ఉద్యోగి. యంత్రం వచ్చి ఉద్యోగంతో పాటు పేరునూ లాక్కుంది. అక్కడ మనిషి పేరు పనిముట్టుకు పోయింది, ఇక్కడ పనిముట్టు పేరు మనిషికి వచ్చింది. ఎదురెదురు అద్దాలు. మన కరణాల వ్యవస్థను ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. తర్వాత భూముల రికార్డులు మెల్లగా కంప్యూటర్లలోకి వెళ్ళాయి. పేర్ల ప్రకారం చూస్తే కరణం మళ్ళీ కరణం చేతికే వచ్చింది.

'ఓకే' పుట్టిల్లు బోస్టన్. 1839లో అక్కడి పత్రికల్లో తప్పు స్పెల్లింగులతో హాస్యమాడే సరదా ఒకటుండేది. 'అంతా సరిగ్గా ఉంది' అనడానికి వాడే రెండు ఇంగ్లీషు మాటలను కావాలని తప్పుగా రాసి, మొదటి అక్షరాలు తీసి ఓకే అన్నారు. దానికి మన 'సరే' చక్కగా సరిపోతుంది, అందులో ఉన్నదీ 'సరి'యే. ఓకే కంప్యూటర్ అన్న మాటల పొందిక బృందానికి డగ్లస్ ఆడమ్స్ రాసిన హాస్య కథ, 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' నుంచి దొరికింది. అందులో అంతరిక్ష నౌకను నడిపే ఆసామి కంప్యూటర్‌ను అలా పిలిచి, పగ్గాలు తన చేతికిమ్మంటాడు. పైన చెప్పిన ఆండ్రాయిడ్ కూడా ఆ కథలోదే. ఈ లెక్కన ఆల్బం పేరుకు నా తెలుగు ఇది: 'సరే కరణంగారూ'. ఇలా చెబితే స్నేహితులు నవ్వుతారు. నవ్వినా అందులో ఆ విసుగూ, ఆ లొంగుబాటూ రెండూ ఉన్నాయి. శిస్తు రసీదు కోసం ఎండలో నిలబడ్డ రైతు గొంతు అది.

ఏడో పాటలో మనిషి గొంతే లేదు. మాకింటోష్ కంప్యూటర్‌లోని కృత్రిమ కంఠం, ఆరోగ్యంగా సంతోషంగా బతకడానికి సూత్రాల జాబితా చదువుతుంది, వెనక పియానో చెల్లాచెదురుగా మోగుతుంటుంది. చాలామంది దాన్ని దాటేసి ముందుకు పోతారు. నేను దాటను. కర్మ తర్వాత కరణం రావడమే సబబు.

ఆరో పాట వీడియో ఒకసారి చూడండి. జొనాథన్ గ్లేజర్ తీశాడు. రాత్రి, ఎవరూ లేని రోడ్డు, పాత పెద్ద కారు. వెనక సీట్లో గాయకుడు థామ్ యార్క్ బొమ్మలా కూర్చుని పెదాలు కదుపుతుంటాడు. లైట్ల వెలుగులో ముందు ఒక మనిషి ఒగరుస్తూ పరిగెడుతుంటాడు. కారు తొందరపడదు, వెంబడిస్తుంది. ఆ మనిషి ఇక పరిగెత్తలేక మోకాళ్ళ మీద పడతాడు. కారు కాస్త వెనక్కి వెళ్తుంది. అప్పుడు అతనికి కనబడుతుంది, కారు నుంచి పెట్రోలు కారి రోడ్డు మీద తడి గీత. జేబులోంచి అగ్గిపుల్ల తీస్తాడు. ఇప్పుడు నిప్పు పరిగెడుతుంది, కారు వెనక్కి పారిపోతుంది. వెనక సీట్లో ఎవరూ ఉండరు.

మన ఎనిమిదో తరగతి మాస్టారు కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చమనేవారు. వెంబడించాడు, వెంబడించబడ్డాడు. తెలుగుకు ఈ 'బడు' ఎప్పుడూ అతకదు, పరాయి చొక్కాలా వేలాడుతుంది. నాకు దాని అవసరం మొదటిసారి అర్థమైంది ఈ వీడియోలో. నాలుగు నిమిషాల్లో కర్త కర్మ అవుతాడు, కర్మ కర్త అవుతాడు. మధ్యలో కరణం ఒక అగ్గిపుల్ల.

పెద్ద కంపెనీల్లో, పైవాళ్ళ కింద నలిగిపోతూ పనిచేసేవాళ్ళ కోసం ఈ పాట అని యార్క్ చెప్పాడు. అలాంటివాణ్ణి మనం కార్మికుడంటాం. ఆ మాటలోనూ కర్మే ఉంది. ఫ్యాక్టరీకి మనవాళ్ళు కట్టిన పేరు కర్మాగారం. ఈ మాట మొదట కట్టినవాడు చమత్కారి అయినా అయ్యుండాలి, అమాయకుడైనా అయ్యుండాలి. ఒకసారి ఒక కర్మాగారం గేటు బయట టీకొట్టు దగ్గర నైట్ షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళను చూశాను. ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఆ పేరును ఒకతను ఒత్తు పెట్టి పలికాడు. పక్కనతను సరిదిద్దలేదు, టీ తాగుతూ తలూపాడు.

పాట రెండో సగంలో బాణీ మారిపోతుంది. ఫిర్యాదులు ఆగిపోతాయి. అంతవరకూ ఊరందరినీ పట్టించిన చాడీకోరు, కాసేపు తననే తాను పోగొట్టుకున్నానని ఒప్పుకుంటాడు, మళ్ళీ మళ్ళీ అదే చెబుతాడు. చివరికి గిటార్ మీద ఎడ్ ఓబ్రయన్ ప్రతిధ్వని యంత్రంతో చేసిన మోత ఆ గొంతును మింగేస్తుంది. ఆ ఒప్పుకోలు మొదలయ్యేది మాటతో కాదు, ఒక నిట్టూర్పుతో. పెదాల మధ్య నుంచి ఊపిరి వదిలేసే చప్పుడు. దాన్ని రాయడానికి ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు వాడతారు. మనం రాయాలంటే ఒత్తక్షరం కావాలి.

అమ్మమ్మ 'ఖర్మ' అని చింతపండులో పడింది సరిగ్గా అక్కడే. పాట సగం దాటాక వస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఒత్తు వినబడిందో లేదో నాకు రాయండి.